బాల్యమున గుండెకు శస్త్రచికిత్స జరిగినవారు : ఉదర రక్తనాళముల పరీక్ష

పుట్టుకతోనే గుండెలో లోపము గల శిశువులు ధనికుల ఇండ్లలోను, పేదల ఇండ్లలోను ఒకే రీతిగా జన్మించుచున్నారు. సజీవముగా పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 లేక 9 మందికి ఇట్టి లోపముండునని వైద్యుల లెక్క. 1940 ప్రాంతమువరకు వీరిలో తీవ్రమైన లోపము గలవారిని బ్రదికించు ఉపాయము దాదాపు లేకుండెను. 1944వ సంవత్సరము అక్టోబరు మాసమున స్వీడన్ దేశపు స్టాక్‌హోం నగరములో క్రాఫోర్డ్ అను శస్త్రవైద్యుడు బృహద్ధమనిలోని ఇరుకు భాగమును కోసి తీసివేసి, రెండు కొనలను కలిపి కుట్టెను. అదే సంవత్సరము నవంబరు 29వ తేదీన అమెరికాలోని బాల్టిమోర్ నగరమున డాక్టరు బ్లేలాక్, డాక్టరు హెలెన్ టాసిగ్, వారి ప్రయోగశాలలో పనిచేసిన వివియన్ థామస్ అను మువ్వురి కృషి ఫలముగా, శరీరము నీలివర్ణమునకు తిరిగిన ఒక పసిబిడ్డకు శస్త్రచికిత్స జరిగినది. మన దేశమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు 1949లో వక్ష శస్త్రచికిత్సా విభాగము నెలకొన్నది. ఆ పిమ్మట ఈ విద్య దేశమంతట వ్యాపించినది.

నాడు ప్రాణము దక్కిన పిల్లలు పెరిగి పెద్దవారైరి. వారు ఉద్యోగములు చేయుచున్నారు, వివాహములాడుచున్నారు, బిడ్డలను కనుచున్నారు. వారిలో అనేకులు తమ గుండె పూర్తిగా నయమైనదని తలచి, వైద్యుని వద్దకు పోవుట మానివేసిరి. ఇది పొరపాటు. కొన్ని శస్త్రచికిత్సల ఫలితములు గుండెలో కాక ఉదరములోని రక్తనాళములయందును, కాలేయమునందును, మూత్రపిండములయందును సంవత్సరముల తరబడి నిశ్శబ్దముగా కూడుకొనుచుండును. నొప్పి పుట్టదు, జ్వరము రాదు. కాని పరికరముతో చూచినచో కనబడును. సకాలమున కనబడినచో చికిత్సకు వీలు కలుగును.

ఉదరములోని ముఖ్య రక్తనాళములు

గుండె ఎడమ భాగమునుండి బయలుదేరు పెద్ద రక్తనాళము బృహద్ధమని. అది వంపు తిరిగి, ఎదలోనుండి వెన్నెముకను ఆనుకొని క్రిందికి దిగి, ఉదరములో ప్రవేశించును. అచ్చట కాలేయమునకు, ప్లీహమునకు, ప్రేగులకు, రెండు మూత్రపిండములకు శాఖలనిచ్చి, బొడ్డు వద్ద రెండుగా చీలి కాళ్లకు పోవును.

కాళ్లనుండియు, మూత్రపిండములనుండియు మలిన రక్తమును పైకి తెచ్చునది దిగువ మహాసిర. ఇది బృహద్ధమనికి కుడిప్రక్కగా ఉండును. ప్రేగుల రక్తము మాత్రము తిన్నగా ఈ సిరలోనికి రాదు. అది ముందుగా ద్వారసిర గుండా కాలేయమునకు పోయి, అచ్చట వడకట్టబడి, కాలేయ సిరల ద్వారా దిగువ మహాసిరలో కలియును. కాలేయమునకు చేరు రక్తములో ఇంచుమించు మూడు వంతులు ద్వారసిరనుండియు, ఒక వంతు కాలేయ ధమనినుండియు వచ్చును. కాలేయ సిరలు గుండెకు కొద్ది అంగుళముల దూరముననే ఉన్నవి. వాటి నడుమ అడ్డుకట్ట వంటి కవాటము లేదు. కావున గుండె కుడి భాగమున ఒత్తిడి పెరిగినచో ఆ పెరుగుదల వెంటనే కాలేయమును తాకును. గుండెకు శస్త్రచికిత్స జరిగినవారికి కడుపు పరీక్ష ఏల చేయవలెనను ప్రశ్నకు సమాధానము ఇదియే.

ఫోంటాన్ శస్త్రచికిత్స

సామాన్యముగా గుండెలో రెండు జఠరికలుండును. కుడి జఠరిక మలిన రక్తమును ఊపిరితిత్తులకు నెట్టును. ఎడమ జఠరిక శుద్ధ రక్తమును దేహమునకు నెట్టును. కొందరు శిశువులకు పనికివచ్చు జఠరిక ఒక్కటియే ఉండును. అట్టివారికై ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమున డాక్టరు ఫ్రాన్సిస్ ఫోంటాన్ 1968లో ఒక నూతన శస్త్రచికిత్సను ఆరంభించి, 1971లో దాని వివరములను ప్రకటించెను. ఆ పద్ధతి తరువాతి కాలమున అనేక మార్పులు పొందినది. నేడు ఎగువ మహాసిరను, దిగువ మహాసిరను గుండెతో నిమిత్తము లేకుండ ఊపిరితిత్తులకు పోవు ధమనులకు కలుపుదురు. మిగిలిన ఒక్క జఠరిక శుద్ధ రక్తమును దేహమునకు పంపు పనిని మాత్రము చూచుకొనును.

ఈ ఏర్పాటువలన బిడ్డ నీలిరంగు పోవును, ఆటపాటలకు శక్తి వచ్చును. అయితే దీనికొక మూల్యము కలదు. దానిని రైతులకు తెలిసిన ఒక ఉపమానముతో వివరింపవచ్చును. దిగువ కాలువలోని నీటిని ఏతముతో తోడి మెరక పొలమునకు పెట్టుచున్నంతకాలము కాలువలో నీటిమట్టము తక్కువగా ఉండును. ఏతమును తీసివేసి, కాలువ నీరు తనంతట తానే మెరకకు ఎక్కవలెనన్నచో, కాలువ మట్టమును పెంచవలెను. మట్టము పెరిగినచో మెరక పొలము తడియును గాని, కాలువ ప్రక్కనున్న పల్లపు భూమి ఏడాది పొడుగున ఊటెక్కియుండును. కొన్ని సంవత్సరములకు ఆ నేల చౌడు బారును.

ఫోంటాన్ రక్తప్రసరణములో కుడి జఠరిక అను ఏతము లేదు. రక్తము ఊపిరితిత్తులకు ఎక్కుటకై సిరలలో ఒత్తిడి ఎల్లప్పుడును హెచ్చుగా ఉండవలెను. ఆరోగ్యవంతుల మహాసిరలలో సుమారు 5 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి ఉండగా, వీరికది సాధారణముగా 10 నుండి 15 వరకు ఉండును. కాలేయము ఆ కాలువ ప్రక్కనున్న పల్లపు భూమి వంటిది.

కాలేయమునకు కలుగు మార్పులు

ఎడతెగని ఒత్తిడివలన కాలేయ సిరలు ఉబ్బును. కాలేయములోని సన్నని రక్తమార్గములు వెడల్పగును. వాటి చుట్టును నారపోగుల వంటి గట్టి కణజాలము క్రమక్రమముగా పెరుగును. ఫోంటాన్ శస్త్రచికిత్స జరిగి పది, పదునైదు సంవత్సరములు గడచినవారిలో ఈ గట్టిదనము కొద్దిగనో గొప్పగనో దాదాపు అందరికిని కనబడును. కొందరిలో అది ముదిరి కాలేయమంతయు గడ్డలు గడ్డలుగా మారును. అప్పుడు ద్వారసిరలో రక్తము నిలువ కట్టి, ప్లీహము పెరుగును, కడుపులో నీరు చేరును, అన్నవాహిక అడుగున సిరలు ఉబ్బును.

ద్వారసిరనుండి వచ్చు రక్తము తగ్గినపుడు కాలేయ ధమని ఎక్కువ రక్తమును తెచ్చి లోటు తీర్చుటకు ప్రయత్నించును. ఆ ధమని రక్తము పుష్కలముగా అందిన చోట్ల చిన్న చిన్న కణుతులు పుట్టును. వీటిలో ఎక్కువ భాగము హానిలేనివి. కాని కొద్దిమందిలో నిజమైన కాలేయ కాన్సరు కూడ పుట్టుచున్నది, అదియు యౌవనముననే. ఇతర కాలేయ రోగులలో కాన్సరును గుర్తించుటకు వాడు స్కానింగు లక్షణములు ఫోంటాన్ రోగులలో సరిగా వర్తింపవు. ఏలననగా హానిలేని కణుతులు కూడ కొన్నిసార్లు కాన్సరు వలెనే కనబడును. కావున ఒక్క చిత్రమును చూచి భయపడరాదు, ఉపేక్షింపనురాదు. వెనుకటి చిత్రములతో పోల్చి చూచుట, ఆల్ఫా ఫీటో ప్రోటీను అను రక్తపరీక్ష, అవసరమైనచో కణుతినుండి చిన్న ముక్కను తీసి పరీక్షించుట, ఈ మూడింటిచే నిర్ణయము జరుగును.

ఈ మార్పులు జరుగుచున్నంతకాలము రోగికి ఏ బాధయు తెలియకపోవచ్చును. సాధారణ కాలేయ రక్తపరీక్షలు కూడ చాలకాలము మామూలుగనే ఉండవచ్చును. చిత్రపరీక్ష యొక్క విలువ ఇచ్చటనే తెలియును.

బృహద్ధమని ఇరుకును సరిచేసిన పిదప

కొందరు శిశువులకు బృహద్ధమని ఎడమచేతికి శాఖనిచ్చిన వెంటనే ఇరుకుగా ఉండును. ఆ ఇరుకునకు పైనున్న తలకు, చేతులకు రక్తము హెచ్చు ఒత్తిడితో పోవును. క్రిందనున్న ఉదరమునకు, కాళ్లకు తక్కువ ఒత్తిడితో పోవును. మూత్రపిండములు ఇరుకునకు క్రిందివైపున ఉన్నవి. తమకు రక్తము చాలుటలేదని అవి గ్రహించి, దేహమంతటను ఒత్తిడిని పెంచు రెనిన్ అను పదార్థమును విడుదల చేయును. ఈ విధముగా రక్తపుపోటు మరింత హెచ్చును.

ఇరుకును కోసి కుట్టినను, బెలూనుతో వెడల్పు చేసినను, లోహపు జల్లెడగొట్టము నమర్చినను, అది కొందరిలో మరల ఇరుకగును. మరికొందరిలో కుట్టిన చోట గోడ పలుచనై బుడగవలె ఉబ్బును. ఇరుకు లేకపోయినను రక్తపుపోటు నిలిచియుండుట కూడ కలదు. ఈ సంగతి ఉదరములోని బృహద్ధమనిని చూచి చాలవరకు పోల్చుకొనవచ్చును. ఆరోగ్యవంతులలో గుండె కొట్టుకొనిన ప్రతిసారియు ఆ ధమనిలో రక్తము వడిగా ఎగసి, వెంటనే తగ్గును. పైన ఇరుకున్నచో రక్తము మెల్లగా లేచి, తక్కువ ఎత్తునకే చేరి, గుండె విశ్రాంతి తీసికొను సమయమున కూడ సన్నని ధారగా పారుచునే యుండును.

మన దేశములో దీనితో పోల్చి చూడవలసిన మరియొక వ్యాధి కలదు. తకయాసు వ్యాధి అను ధమనుల వాపు ఆసియా ఖండములోని యువతులలో ఎక్కువగా కనబడును. ఇది ఉదర బృహద్ధమనిని, మూత్రపిండ ధమనులను ఇరుకు చేసి రక్తపుపోటును తెచ్చును. చిన్నతనమున శస్త్రచికిత్స జరిగినవారికి పోటు పెరిగినపుడు పాత ఇరుకునే కాక మూత్రపిండ ధమనులను కూడ చూచుట మంచిది.

ఇతర శస్త్రచికిత్సల సంగతి

గుండెలో నాలుగు లోపములు కలిసియుండు ఫాలో వ్యాధికి చికిత్స జరిగినవారిలో, ఊపిరితిత్తుల ధమని ముఖద్వారమున కవాటము చెడి రక్తము వెనుకకు కారుచుండుట సామాన్యము. అనేక సంవత్సరములకు కుడి జఠరిక సాగి నీరసించి, దిగువ మహాసిరయు కాలేయ సిరలును ఉబ్బును.

కొందరిలో పుట్టుకనుండియే ఉదరములోని రక్తనాళముల అమరిక వేరుగా ఉండును. దిగువ మహాసిర కాలేయము వెనుక మధ్యలోనే తెగి, రక్తము వెన్నెముక ప్రక్కనున్న మరియొక సిర గుండా పైకి పోవుట ఇందులో ఒకటి. ఉదరమును అడ్డముగా చూపు ఒక్క అల్ట్రాసౌండు చిత్రములో బృహద్ధమని, మహాసిర వెన్నెముకకు ఏ ప్రక్కన ఉన్నవో చూచి, గుండె గదుల అమరికను కూడ వైద్యుడు చాలవరకు ఊహింపగలడు.

బాల్యమున గజ్జలలోని సిర గుండా సన్నని గొట్టములను పంపి పరీక్షలు చేయించుకొనినవారిలో, ఆ సిరలు మూసికొనిపోయి యుండవచ్చును. దేహము ప్రక్కత్రోవలు ఏర్పరచుకొనుటచే బయటికి ఏమియు తెలియదు. కాని మరల గొట్టము పంపవలసి వచ్చినపుడు దారి దొరకదు. ముందుగా అల్ట్రాసౌండుతో చూచుకొనినచో ఈ ఇబ్బంది తప్పును.

పరీక్షా పద్ధతులు

చేయి, పట్టీ : అన్నిటికంటె తేలికయైన పరీక్ష యంత్రము లేనిది. గజ్జలలోని నాడిని చేతి నాడితో పాటుగా తాకి చూడవలెను. రెండును ఒకేసారి కొట్టుకొనవలెను. కుడి చేతియందును, కాలియందును రక్తపుపోటు కొలువవలెను. చేతి పోటు కాలి పోటుకంటె 20 మిల్లీమీటర్లు లేక అంతకు మించి హెచ్చుగా ఉన్నచో బృహద్ధమనిలో ఇరుకున్నదని అనుమానింపవలెను. ఈ పరీక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందు కూడ చేయవచ్చును.

అల్ట్రాసౌండు : మనుష్యుని చెవికి వినబడని సూక్ష్మధ్వనిని దేహములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనిని చిత్రముగా మార్చుట దీని పద్ధతి. గుండె పరీక్షకు దీనిని 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరమున ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు మొదట వినియోగించిరి. దీనియందు ఎక్స్‌రే కిరణములు లేవు. గర్భిణులకు సైతము హాని లేదు. ఎన్నిసార్లయినను చేయవచ్చును.

డాప్లర్ : స్టేషనునకు వచ్చు రైలు కూత హెచ్చు శ్రుతిలోను, దాటిపోవు రైలు కూత తగ్గు శ్రుతిలోను వినబడుట అందరికిని తెలిసినదే. ఈ సూత్రమును క్రిస్టియన్ డాప్లర్ అను శాస్త్రజ్ఞుడు 1842లో వెల్లడించెను. కదలుచున్న రక్తమునుండి తిరిగివచ్చు ధ్వనిలోని మార్పును కొలిచి, రక్తము ఏ దిక్కునకు, ఎంత వేగముతో పారుచున్నదో తెలిసికొందురు. ఆరోగ్యవంతుల కాలేయ సిరలలో ప్రవాహము గుండె కదలికను అనుసరించి పలుమార్లు ఎగసి తగ్గుచుండును. ఫోంటాన్ రోగులలో ఆ అలలు అణగి, ప్రవాహము ముఖ్యముగా శ్వాసను అనుసరించి సాగును. ఊపిరి పీల్చినపుడు హెచ్చును, విడిచినపుడు తగ్గును.

మహాసిర వెడల్పు : సామాన్య రక్తప్రసరణము గలవారిలో దిగువ మహాసిర 21 మిల్లీమీటర్లకు మించకుండ ఉండి, ముక్కుతో గట్టిగా పీల్చినపుడు సగముకంటె ఎక్కువగా ముడుచుకొనినచో, గుండె కుడి కర్ణికలో ఒత్తిడి తక్కువగనే ఉన్నదని అర్థము. ఉబ్బియుండి ముడుచుకొనకున్నచో ఒత్తిడి హెచ్చినదని భావింతురు.

కాలేయపు గట్టిదనమును కొలుచు పరీక్ష : దీనిని ఎలాస్టోగ్రఫీ అందురు. ఫోంటాన్ రోగులలో రక్తము నిలువయుండుటచేతనే కాలేయము కొంత గట్టిగా తోచును. కావున ఒక్కసారి వచ్చిన అంకెకంటె, సంవత్సరముల తరబడి ఆ అంకె ఎట్లు మారుచున్నదో చూచుటయే ముఖ్యము.

సి.టి., ఎం.ఆర్.ఐ. : సి.టి. యంత్రముతో 1971లో మొదటిసారి రోగిని పరీక్షించిరి. ఇది త్వరగా ముగియును, స్పష్టమైన చిత్రములనిచ్చును. కాని ఎక్స్‌రే కిరణములను వాడును. జీవితకాలమున అనేక పరీక్షలు కావలసిన యువకులకు అవసరమున్నపుడే దీనిని చేయుదురు. ఎం.ఆర్.ఐ. అయస్కాంత శక్తితో పనిచేయును, కిరణములు లేవు. బృహద్ధమని ఇరుకు సరిచేయబడినవారికి మొత్తము ధమనిని 3 నుండి 5 సంవత్సరములకొకసారి ఎం.ఆర్.ఐ. లేక సి.టి.తో చూచుట వాడుక. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ సంగతిని ముందుగా చెప్పవలెను. కొన్ని పేస్‌మేకర్లు మాత్రమే ఎం.ఆర్.ఐ.కి తగినవి.

పరీక్ష చేయువారికి తెలుపవలసిన సంగతి

ఫోంటాన్ జరిగిన వ్యక్తి ఆ సంగతిని చెప్పకుండ సి.టి. పరీక్షకు పోయినచో ఒక ప్రమాదము కలదు. రక్తనాళములు స్పష్టముగా కనబడుటకై చేతి సిరలోనికి రంగుమందు నెక్కింతురు. సామాన్యులలో అది గుండెలో బాగుగా కలిసి దేహమంతటికిని పోవును. ఫోంటాన్ రోగులలో చేతినుండి వచ్చిన మందు కలిసిన రక్తము, కాళ్లనుండి వచ్చిన మందు లేని రక్తము సరిగా కలియవు. అందుచేత రక్తము గడ్డకట్టకపోయినను చిత్రములో గడ్డ ఉన్నట్లు తోచును. ఒక్కొక్కప్పుడు నిజమైన గడ్డయే ఈ కలగాపులగములో కనబడక పోవును. సంగతి ముందుగా తెలిసినచో మందు ఎక్కించు విధానమును మార్చి, కొంత ఆలస్యముగా మరల చిత్రములు తీసి, నిజమును నిర్ణయింతురు.

మలిన రక్తము శుద్ధ రక్తములో కలియు రంధ్రము మిగిలియున్నవారికి సూదిమందు ఎక్కించునపుడు గొట్టములో గాలిబుడగ ఏమాత్రమును ఉండకూడదు. ఆ బుడగ మెదడునకు చేరవచ్చును. ఈ హెచ్చరికను రోగియు, వెంట వచ్చినవారును నర్సుకు తప్పక తెలుపవలెను.

పరీక్షకు సిద్ధపడుట

ఉదర అల్ట్రాసౌండునకు సాధారణముగా 6 నుండి 8 గంటలు ఆహారము మానవలెను. కడుపులో వాయువు తక్కువగా ఉన్నచో రక్తనాళములు బాగుగా కనబడును. మంచినీరు త్రాగవచ్చునా అని ముందుగా అడుగవలెను. సాధారణముగా త్రాగనిత్తురు. ఫోంటాన్ రోగులును, శరీరము నీలివర్ణముగా ఉన్నవారును నీరు లేకుండ చాలసేపు ఉండరాదు, ముఖ్యముగా ఎండకాలమున. రోజువారీ గుండె మందులను, రక్తము గడ్డకట్టకుండ చేయు మందులను వైద్యుడు చెప్పనిదే మానరాదు. మూత్రపిండముల వ్యాధి, మధుమేహము, రంగుమందు పడకపోవుట, గర్భము, వీటిలో ఏది యున్నను పరీక్షకు ముందే తెలుపవలెను.

ఎంత కాలమునకొకసారి పరీక్ష కావలెనను విషయమును గుండెవైద్యుడు ఆ వ్యక్తి స్థితిని బట్టి నిర్ణయించును. ఫోంటాన్ జరిగి పది సంవత్సరములు దాటినవారికి కాలేయ పరీక్షను క్రమముగా, పెక్కు చోట్ల సంవత్సరమునకొకసారియైనను, చేయుచున్నారు. కాలేయము ముదిరిన గట్టిదనమును చూపినచో ఆరు మాసములకొకసారి చేయుదురు.

తరచుగా కలుగు సందేహములు

“ఒంట్లో బాగుగనే ఉన్నది గదా, పరీక్షతో పనియేమి?” బాగుగా ఉన్న కాలమున తీసిన చిత్రమే ముందు ముందు వచ్చు మార్పును కొలుచుటకు ఆధారము. పోల్చి చూచుటకు పాత చిత్రము లేనిచో, క్రొత్తగా కనబడిన కణుతి నిన్న పుట్టినదో పదేండ్లనుండి ఉన్నదో ఎవరును చెప్పజాలరు.

“పరీక్షలో దోషము కనబడినచో చేయగలిగినదేమి?” చేయగలిగినది చాల కలదు. ఫోంటాన్ మార్గములో ఎక్కడనైన ఇరుకున్నచో దానిని గొట్టముతో వెడల్పు చేయవచ్చును. బృహద్ధమని మరల ఇరుకైనచో బెలూనుతోను, జల్లెడగొట్టముతోను సరిచేయవచ్చును. ఫాలో రోగికి చెడిన కవాటమును మార్చవచ్చును. ఉబ్బిన సిరలనుండి రక్తస్రావము కాకుండ ముందే చికిత్స చేయవచ్చును. చిన్నదిగా ఉన్నపుడు గుర్తింపబడిన కాన్సరునకు చికిత్స ఫలించు అవకాశము హెచ్చు.

“వివాహమైన పిదప గర్భము ధరింపవచ్చునా?” అనేకులకు వీలగును, కొందరికి ప్రమాదకరము. గర్భము రాకముందే గుండెవైద్యుని సలహా పొందవలెను. బృహద్ధమనిని, కాలేయమును అప్పుడే చూచుకొనవలెను. శస్త్రచికిత్స సంగతిని పెండ్లివారివద్ద దాచి, ఆ భయమున మందులను, పరీక్షలను మానుకొను యువతులు కలరు. ఇట్టి దాపరికము ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. తల్లిదండ్రులు ఇందుకు ప్రోత్సాహమియ్యరాదు.

వెంటనే వైద్యుని చూడవలసిన సూచనలు

కడుపు ఉబ్బుట, కాళ్ల వాపు, విడువని విరేచనములు, రక్తవాంతి, తారువంటి నల్లని మలము, కన్నులు పచ్చబడుట, కుడి డొక్కలో నొప్పి, కారణము లేకుండ బరువు తగ్గుట, నడచినపుడు పిక్కలు పట్టివేయుట, తీవ్రమైన తలనొప్పి. వీటిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. కన్నులు పచ్చబడినంతనే కామెర్లని నిశ్చయించి పసరుమందు పోయించుకొనుట మన ప్రాంతములలో చిరకాలపు వాడుక. గుండె శస్త్రచికిత్స జరిగినవారికి ఇది మిక్కిలి హానికరము. ఇప్పటికే నలిగియున్న కాలేయమునకు తెలియని ఆకుల రసము మరింత చేటు చేయవచ్చును. అసలు కారణమును కనుగొనవలసిన విలువైన కాలము కూడ వ్యర్థమగును.

కాలేయమును కాపాడుకొను మార్గములు సులభమైనవి. మద్యమును పూర్తిగా విడువవలెను. హెపటైటిస్ బి టీకాలు వేయించుకొనవలెను. దాతల రక్తమునకు హెపటైటిస్ సి పరీక్ష లేని కాలమున శస్త్రచికిత్స జరిగి రక్తము ఎక్కించుకొనినవారు ఆ వ్యాధికై ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను. దానికి నేడు నయముచేయు మాత్రలు ఉన్నవి.

కాగితములు భద్రపరచుట

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టిననాటినుండి 18 సంవత్సరములవరకు పిల్లలను పరీక్షించి, గుండె లోపములు గలవారిని చికిత్సకు పంపుచున్నది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము ద్వారా పేద కుటుంబముల పిల్లలకు గుండె శస్త్రచికిత్సలు జరిగినవి. బిడ్డ పెద్దవాడైన పిదప తల్లిదండ్రుల చేతిలోని బాధ్యత అతని చేతికి వచ్చును. సంబంధము తెగిపోవునది ఎక్కువగా ఈ వయస్సుననే. చదువు కొరకు పట్టణమునకు పోవుట, ఉద్యోగమునకై ఇతర రాష్ట్రములకు వలసపోవుట, పాత వైద్యుడు మారుట ఇందుకు కారణములు. “గుండెకు ఏదో ఆపరేషను అయినది” అని మాత్రమే చెప్పగలిగిన వ్యక్తికి క్రొత్త వైద్యుడు సరియైన పరీక్షను వ్రాయలేడు.

కావున ప్రతి కుటుంబమును ఈ క్రింది వానిని ఒక సంచిలో భద్రపరచవలెను.

1. లోపము పేరు, శస్త్రచికిత్స పేరు, జరిగిన తేదీ తెలుపు డిశ్చార్జి పత్రము.

2. గుండెలో లేక రక్తనాళములలో అమర్చిన గొట్టము, కవాటము, పేస్‌మేకర్ వీటి వివరముల కార్డు.

3. మొదటినుండి చేసిన స్కానింగుల నివేదికలు, వీలైనచో చిత్రములు కూడ.

4. చేతి, కాలి రక్తపుపోటు అంకెలు తేదీలతో వ్రాసిన చిన్న పుస్తకము.

5. ప్రస్తుతము వాడుచున్న మందుల పట్టిక, పడని మందుల పేర్లు.

బిడ్డకు పదునాలుగు, పదునైదు సంవత్సరములు వచ్చునప్పటికి తన శస్త్రచికిత్స పేరును తానే చెప్పగలుగునట్లు తల్లిదండ్రులు నేర్పవలెను. పాత కాగితములు పోయినచో, శస్త్రచికిత్స జరిగిన ఆసుపత్రికి సంవత్సరమును, నాటి చిరునామాను తెలుపుచు వ్రాసి నకళ్లు కోరవలెను. అవియు దొరకనిచో నిరాశ చెందనక్కరలేదు. ఎదపై నున్న మచ్చ, గజ్జలలోని నాడి, ఉదర రక్తనాళముల అల్ట్రాసౌండు, గుండె అల్ట్రాసౌండు, ఈ నాలుగింటి సహాయముతో అనుభవజ్ఞుడైన వైద్యుడు జరిగినదానిని చాలవరకు తెలిసికొనగలడు. ఆనాడు వ్రాసిన నివేదికయే ఆ సంచిలో మొదటి కాగితమగును. చాల సంవత్సరములుగా పరీక్ష చేయించుకొననివారు సమీపములోని ప్రభుత్వ వైద్యశాలకు పోయి, పెద్ద ఆసుపత్రిలోని గుండెవైద్య విభాగమునకు చీటీ వ్రాయించుకొనవలెను.